ఆమదాలవలస స్టేషన్ ఆటోకు బ్యాటరీ సరిపోతుందా?

ప్రశ్న: అయ్యా, నేను చాలా ఏళ్లుగా ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి శ్రీకాకుళం పట్టణానికి డీజిల్ ఆటో నడుపుతున్నాను. బండికి పన్నెండేళ్లు నిండాయి. ఏటా ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లే ముందు మరమ్మతులకు పెద్ద మొత్తమే అవుతోంది. రోజుకు దాదాపు 90 కిలోమీటర్లు తిరుగుతాను. ఆదివారాలు అరసవల్లి, అప్పుడప్పుడు శ్రీకూర్మం, శ్రీముఖలింగం కిరాయిలు కూడా ఉంటాయి. ఆడవాళ్లకు బస్సు ఉచితమైన దగ్గర నుంచి రాబడి మూడో వంతు పడిపోయింది. బ్యాటరీ ఆటో తీసుకుంటే డీజిల్ మిగులుతోనే వాయిదా తీరిపోతుందని షోరూమ్ వాళ్లు అంటున్నారు. స్టాండులో తోటివాళ్లు సీఎన్‌జీ మేలంటున్నారు. పాత బండికే మోటారు, బ్యాటరీ బిగించే మెకానిక్ తనకు తెలుసని, లక్షన్నరలో పని అయిపోతుందని మా బావమరిది చెబుతున్నాడు. బ్యాటరీ పేలుతుందేమోనని, తుఫాను వచ్చి కరెంటు పోతే ఏం చేస్తామని మా ఆవిడ భయపడుతోంది. డ్వాక్రా సంఘంలో ఆమెకు అప్పు పుడుతుంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, ఆమదాలవలస

సమాధానం: మీ ఉత్తరంలో నాలుగైదు ప్రశ్నలు కలిసి ఉన్నాయి గాని, నిర్ణయాన్ని తేల్చేవి రెండే. మీరు తిరిగే దారికి బ్యాటరీ ఆటో సరిపోతుందా అన్నది మొదటిది, ఇప్పటి మీ రాబడి కొత్త వాయిదాను మోయగలదా అన్నది రెండోది. మొదటిదానికి నా సమాధానం సరిపోతుందనే. రెండోదానికి మాత్రం మీ లెక్క చూడకుండా ఎవరూ ఔనని చెప్పలేరు, షోరూమ్ వాళ్లయితే అసలే చెప్పకూడదు. అందుకని డబ్బుతోనే మొదలుపెడతాను.

మీ పాత డీజిల్ బండి లీటరుకు 28 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. 90 కిలోమీటర్లకు మూడుంపావు లీటర్ల దాకా పడుతుంది కాబట్టి, లీటరు రూ.97 వేసుకుంటే రోజుకు రూ.310 పైనే డీజిల్‌కు పోతుంది. అదే దూరానికి బ్యాటరీ ఆటో సుమారు 8 యూనిట్లు వాడుతుంది. ఛార్జింగులో కొంత వేడిగా పోతుంది కాబట్టి మీటరు మీద 9 యూనిట్లు తిరుగుతుంది. అన్ని సర్దుబాటు ఛార్జీలతో కలిపి యూనిట్‌కు రూ.9 చొప్పున వేసినా రోజు ఖర్చు రూ.81. అంటే రోజుకు రూ.230 మిగులు, నెలకు పాతిక రోజులు నడిపితే రూ.5,750. ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, క్లచ్ ప్లేట్ల వంటి ఖర్చులు తగ్గడం దీనికి అదనం. ఇక వాయిదా సంగతి. మూడు లక్షల రూపాయలను 14 శాతం వడ్డీకి నాలుగేళ్లకు తీసుకుంటే నెల వాయిదా రూ.8,200 దగ్గర తేలుతుంది. ఆటోలకు ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలు ఇంతకంటే ఎక్కువ వడ్డీ వేయడమూ ఉంది. ఆయిలు, క్లచ్ ఖర్చుల్లో మిగిలేది కలుపుకున్నా నెలకు రెండు వేలకు అటూ ఇటూ తక్కువ పడుతుంది. దానికి తోడు ఏదో ఒకనాడు బ్యాటరీ మార్చాల్సి వస్తుంది కాబట్టి, మొదటి నెల నుంచే కనీసం రూ.1,500 పక్కన పెట్టాలి. అలా పెడితే ఐదేళ్లకు రూ.90,000 చేతిలో ఉంటుంది. కాబట్టి డీజిల్ మిగులుతోనే వాయిదా తీరిపోతుందన్న మాట పూర్తిగా నిజం కాదు. రోజుకు 120, 130 కిలోమీటర్లు తిరిగే వాడికి అది నిజమయ్యే అవకాశం ఉంది. 90 కిలోమీటర్లకు కాదు.

ఆ లోటు మీ రాబడి నుంచే రావాలి. మీరు రాసినదాన్ని బట్టి ఆ రాబడే ఇప్పుడు నిలకడగా లేదు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చే స్త్రీశక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు బస్సు తిరిగే ప్రతి దారిలోనూ ఆటో గిరాకీ రూపు మారింది. మీ దారిలో బస్సులకు కొదవ లేదు. ఆటో డ్రైవర్లకు ప్రభుత్వం ఏడాదికి ఇస్తున్న రూ.15,000 ఒకటి రెండు వాయిదాలకు ఆసరాగా ఉంటుందే తప్ప మూడో వంతు రాబడిని పూడ్చదు. కాబట్టి పాత రోజుల రాబడిని తలచుకుని అప్పు చేయకండి. ఒక నెలపాటు చిన్న నోటుపుస్తకంలో రోజూ నాలుగు అంకెలు రాయండి: తిరిగిన కిలోమీటర్లు, పోయించిన డీజిల్, చేతికొచ్చిన మొత్తం, బండి ఖాళీగా నిలిచిన వేళలు. ఇంటి ఖర్చు పోగా నెలకు కనీసం నాలుగు వేలు మిగులుతున్నట్టు తేలితేనే కొత్త బండి మాట ఎత్తండి, అది ఏ ఇంధనంతో నడిచేదైనా సరే. బండి నిలిచిన వేళలు ఎందుకు రాయమంటున్నానో కింద చెబుతాను.

ఇప్పుడు దారి సంగతి. బ్యాటరీ ఆటోకు అనుకూలమైన పని ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే మీ పనినే చూపించవచ్చు. స్టేషన్‌కూ పట్టణానికీ మధ్య పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేవు, దారి చదునుగా ఉంటుంది, ఒకే దారిలో పదేపదే తిరుగుతారు, రాత్రికి బండి మీ ఇంటికే చేరుతుంది, రైళ్ల మధ్య ఖాళీ దొరుకుతుంది. ఆగుతూ కదులుతూ వెళ్లే పట్టణపు రద్దీలో డీజిల్ ఇంజిను నిలబడిన చోటే నూనె తాగుతుంది. మోటారు నిలబడినప్పుడు దాదాపు ఏమీ ఖర్చు చేయదు, బ్రేకు వేసినప్పుడు కొంత శక్తిని తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. ఏడు రోడ్ల కూడలి దగ్గర సాయంత్రం పూట నిలబడ్డవారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు.

అయితే షోరూమ్ గోడ మీద రాసిన దూరాన్ని నమ్మి రోజు పని వేసుకోకూడదు. ప్రయాణికుల బ్యాటరీ ఆటోల్లో సాధారణంగా 7 నుంచి 11 యూనిట్ల బ్యాటరీ ఉంటుంది. కంపెనీ చెప్పే దూరం పరీక్షా కేంద్రంలో నిర్ణీత బరువుతో, నిర్ణీత వేగంతో తేల్చినది. మన షేర్ ఆటోల్లో ఎక్కే జనం, సీటు కింద పెట్టే మూటలు, పైన కట్టే సామాను ఆ లెక్కలో లేవు. 9 యూనిట్ల బ్యాటరీ తీసుకుంటే, అడుగున ఐదో వంతు ఎప్పుడూ మిగుల్చుకోవాలన్న నియమంతో చూస్తే వాడకానికి దొరికేది 7 యూనిట్లకు కాస్త పైన. అది మీ దారిలో 80 కిలోమీటర్లకు నిలకడగా వస్తుంది. మీకు కావలసింది 90. కాబట్టి మధ్యాహ్నం గంటసేపైనా ఛార్జింగు పెట్టగలగాలి, లేదా ఇంకాస్త పెద్ద బ్యాటరీ ఉన్న బండి తీసుకోవాలి. నోటుపుస్తకంలో బండి ఖాళీ వేళలు రాయమన్నది ఇందుకే. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లే అలవాటు ఉంటే, మూడు కిలోవాట్ల ఛార్జరుతో ఆ గంటలోనే పాతిక, ముప్పై కిలోమీటర్లు చేతికొస్తాయి. సమస్య అక్కడితో తీరిపోతుంది. ఆ వేళకు పట్టణంలోనే చిక్కుకుపోయేట్టయితే పెద్ద బ్యాటరీకే డబ్బు పెట్టండి.

శ్రీకూర్మం కిరాయికి ఇబ్బంది లేదు. శ్రీముఖలింగం మాత్రం రానూపోనూ కలిస్తే ఒక ఛార్జింగులో చాలా భాగాన్ని తినేస్తుంది కాబట్టి, ఆ బేరం ముందురోజే కుదిరితే, పొద్దున్నే నిండు బ్యాటరీతో బయల్దేరేట్టయితే ఒప్పుకోండి. ఉదయం నాలుగు ట్రిప్పులు వేశాక వచ్చిన బేరాన్ని స్టాండులో ఇంకొకరికి ఇచ్చేయండి. రథసప్తమి నాడు పరిస్థితి వేరు. ముందురోజు సాయంత్రం నుంచి మర్నాటి దాకా అరసవల్లికి జనం వస్తూనే ఉంటారు, డీజిల్ బండి నిద్ర లేకుండా తిరుగుతుంది, బ్యాటరీ బండి మధ్యలో మూడు నాలుగు గంటలు ఆగక తప్పదు. ఏడాదిలో అలాంటి రోజులు రెండు మూడే కాబట్టి వాటిని చూసి నిర్ణయం మార్చుకోనక్కర్లేదు గాని, ఆ రోజుల రాబడి కొంత తగ్గుతుందని ముందే తెలిసి ఉండాలి.

బ్యాటరీ రసాయనం గురించి షోరూమ్‌లో ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: అది ఎల్ఎఫ్‌పీ రకమా, ఎన్ఎంసీ రకమా? ఎల్ఎఫ్‌పీ అంటే లిథియం, ఇనుము, ఫాస్ఫేటుతో చేసినది. ఎన్ఎంసీలో నికెల్, మాంగనీస్, కోబాల్టు ఉంటాయి. అంతే బరువులో ఎన్ఎంసీ ఎక్కువ దూరం ఇస్తుంది, కానీ ఎల్ఎఫ్‌పీ వేడిని ఎక్కువగా తట్టుకుంటుంది, ఎక్కువసార్లు ఛార్జింగు తీసుకుంటుంది. రోజూ నిండా ఖాళీ చేసి నింపే ఆటోకు, ఏప్రిల్, మే ఎండల్లో తిరిగే బండికి ఎల్ఎఫ్‌పీయే తగినది. ఇది నిన్నా మొన్నా పుట్టిన సరుకు కాదని మీ ఆవిడకు చెప్పవచ్చు: 1990లలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం దీన్ని బ్యాటరీకి పనికొచ్చేలా చూపించింది, లిథియం బ్యాటరీల మీద చేసిన కృషికి 2019లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రకంలో ఒక చిక్కు ఉంది. బ్యాటరీ సగానికి పైన ఉన్నా, సగానికి కింద ఉన్నా దాని వోల్టేజి దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, తెర మీద కనిపించే శాతం కొన్నాళ్లకు తప్పుదోవ పట్టిస్తుంది. 30 శాతం చూపుతున్న బండి ఉన్నట్టుండి 10కి పడిపోవడం ఇందువల్లే. వారానికి ఒకసారైనా మధ్యలో తీయకుండా నూరు శాతం దాకా ఛార్జింగు పెడితే లోపలి సెల్స్ అన్నీ ఒక మట్టానికి వస్తాయి, లెక్క సరిపడుతుంది. చాలామంది డ్రైవర్లు బ్యాటరీ పోయిందని ఫిర్యాదు చేసేది, నిజానికి ఈ చిన్న పని చేయకపోవడం వల్ల.

ఇంటి కరెంటు గురించి మీరు ఏమీ రాయలేదు. అసలు చూసుకోవలసింది అక్కడ. మీ మీటరుకు మంజూరైన లోడు ఒకటో రెండో కిలోవాట్లే అయి ఉంటుంది. మూడు కిలోవాట్ల ఛార్జరు దానిమీద పెడితే ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్‌తో కలిసి లోడు మించుతుంది, పాత వైరు వేడెక్కుతుంది. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఆఫీసులో అదనపు లోడుకు దరఖాస్తు చేసుకోండి. మీటరు దగ్గర నుంచి బండి నిలిపే చోటికి విడిగా ఒక రాగి తీగ లైను వేయించి, దానికి లోడు మించితే కరెంటు ఆపేసే సొంత ఎంసీబీ, షాకు కొట్టకుండా ఆపే ఆర్‌సీసీబీ, మంచి ఎర్తింగు పెట్టించండి. ఎర్తింగు గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి ఎన్నేళ్లయిందో కూడా చూడండి. పొడుగు ఎక్స్‌టెన్షన్ తీగతో కిటికీలోంచి లాగి ఛార్జింగు పెట్టే పద్ధతి మాత్రం వద్దు. మన వీధి చివరి ఇళ్లలో సాయంత్రం వోల్టేజి పడిపోవడం మీకు తెలిసిందే. ఛార్జరు అప్పుడు నెమ్మదిగా పనిచేస్తుంది లేదా ఆగిపోతుంది. అందుకని రాత్రి పది దాటాక పెట్టి తెల్లవారుజామున తీసే అలవాటు మేలు.

బిల్లు దగ్గర కూడా ఒక మెలిక ఉంది. ఇంటి కనెక్షన్‌లో వాడకం పెరిగే కొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. ఇప్పుడు నెలకు వంద యూనిట్లు వాడే ఇంట్లో ఆటో మరో 225, 250 యూనిట్లు కలిపితే, ఆ అదనపు యూనిట్లు పైశ్లాబుల్లో పడతాయి. షోరూమ్ కరపత్రాల్లో కిలోమీటరుకు అర్ధ రూపాయి అని రాసేది చవక శ్లాబు ధర వేసుకుని. నేను పైన రూ.9 వేసింది ఈ సంగతి దృష్టిలో పెట్టుకునే. ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే సొంత బండికి ఛార్జింగు పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి కాబట్టి, విడిగా అనుమతి అవసరమని ఎవరైనా బెదిరిస్తే వినకండి. అయితే విడి మీటరు తీసుకుంటే ఏ ధర పడుతుందో ఆఫీసులో అడిగి, రెండు లెక్కలూ పక్కపక్కన వేసుకుని చూడండి. మీది అద్దె ఇల్లయితే ఇంటివారితో ఈ మాట ముందే తేల్చుకోవాలి. ఛార్జింగుకు చోటు ఖాయం కాకుండా బండి కొనడం మాత్రం చేయకండి.

పేలుడు భయం గాలి కబుర్ల వల్ల పుట్టింది కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జింగు పెట్టిన కొత్త స్కూటరు బ్యాటరీ పేలి ఒకరు మరణించారు. ఆ ఏడాది అలాంటి ఘటనలు వరుసగా జరిగాకే కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణమైన ఏఐఎస్ 156ను కట్టుదిట్టం చేసి, 2022 డిసెంబరు నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత నిబంధనలు అమల్లోకి తెచ్చింది. కాబట్టి అంతకు ముందు తయారై షోరూమ్ మూలన మిగిలిపోయిన బండిని, లేదా ఆ కాలపు పాత బండిని చవకగా వస్తోందని కొనకండి. ఛాసిస్ ప్లేటు మీద తయారైన నెల, సంవత్సరం చూసుకోండి. వాడకంలో మీరు పాటించాల్సినవి కొద్దిపాటివే. ఎండలో తిరిగి వచ్చిన బండికి వెంటనే ప్లగ్గు పెట్టకుండా అరగంట నీడలో చల్లారనివ్వండి. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం వేడి దాచినట్టే ఉంటుంది, నాలుగు పక్కలా గాలి ఆడాలి. మనుషులు పడుకునే గది గోడకు ఆనించి గాని, ఇంటి నుంచి బయటికి వచ్చే ఏకైక గుమ్మానికి అడ్డంగా గాని బండి నిలపవద్దు. కంపెనీ ఇచ్చిన ఛార్జరు తప్ప ఇంకొకటి వాడవద్దు. ఎప్పుడైనా బ్యాటరీ నుంచి పొగ, తియ్యటి రసాయనపు వాసన, చిటపట శబ్దం వస్తే మెయిన్ స్విచ్ ఆపగలిగితే ఆపి, అందరినీ దూరంగా పంపి 101కి ఫోన్ చేయండి. ఆ పొగ విషపూరితం, మంట ఆరినట్టు కనిపించాక కూడా మళ్లీ రాజుకుంటుంది.

తుఫాను సంగతి మన జిల్లా వారు అడగకుండా ఎలా ఉంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస తీరాన్ని తాకినప్పుడు ఉద్దానంలో స్తంభాలు వరసగా నేలకూలి, కొన్ని ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి వారంలో బ్యాటరీ బండి నిలిచిపోతుంది, నిజమే. డీజిల్ అయితే డబ్బాలో తెచ్చి పోయవచ్చు. కానీ తుఫాను హెచ్చరిక రెండు మూడు రోజుల ముందే వస్తోంది కాబట్టి నిండా ఛార్జింగు పెట్టుకుంటే తర్వాత ఒక రోజు అత్యవసర పనికి సరిపోతుంది. దానికంటే ముఖ్యం బండిని మెరక మీద నిలపడం. బ్యాటరీ పెట్టెకు నీరు చొరకుండా రక్షణ ఉన్నా, అది వరద నీటిలో రాత్రంతా నానడానికి ఉద్దేశించినది కాదు. సీటు మట్టం దాకా నీరు ఎక్కిన బండికి ఎండిందని చూసి ప్లగ్గు పెట్టకండి, స్టార్టు చేయకండి. సర్వీసు వాళ్లు తెరిచి చూశాకే ముట్టుకోండి. బీమా పాలసీలో వరద నష్టానికి బ్యాటరీ కూడా వర్తిస్తుందన్న మాట రాతలో ఉందో లేదో కొనేటప్పుడే చదివించుకోండి.

నా దృష్టిలో మన ప్రాంతంలో బ్యాటరీ ఆటోకు అసలైన అడ్డంకి కరెంటూ కాదు, మంటా కాదు, మరమ్మతు. డీజిల్ బండి చెడిపోతే ఆమదాలవలసలో చెట్టు కింద మెకానిక్ గంటలో నడిపిస్తాడు. మోటారును నడిపించే కంట్రోలరు పోయినా, బ్యాటరీ లోపల సెల్స్‌ను అదుపులో ఉంచే బీఎంఎస్ మొరాయించినా కంపెనీ మనిషి ల్యాప్‌టాప్‌తో రావాలి, విడిభాగం విశాఖపట్నం నుంచో ఇంకా దూరం నుంచో రావాలి. ఆ వారం రోజులూ మీ వాయిదా మాత్రం ఆగదు. కాబట్టి ఏ కంపెనీ బండి మంచిదని నన్ను అడగకండి. శ్రీకాకుళంలో ఎవరికి సొంత సర్వీసు కేంద్రం ఉందో, అక్కడ బ్యాటరీ పని తెలిసిన మనిషి ఉన్నాడో లేదో చూసి, ఆ కేంద్రం ముందు నిలిచిన ఆటోల డ్రైవర్లను ఇద్దరు ముగ్గురిని పక్కకు పిలిచి, బండి ఎన్నాళ్లుగా ఇక్కడ ఉందని అడగండి. షోరూమ్‌లో గంటసేపు కూర్చున్నా తెలియని విషయం అక్కడ ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

వారంటీ కాగితాన్ని కూడా మీ తిరుగుడుతో సరిపోల్చండి. ఇన్నేళ్లు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందైతే అది అని ఉంటుంది. ఏడాదికి 300 రోజులు, రోజుకు 90 కిలోమీటర్లంటే 27,000 కిలోమీటర్లు; మూడేళ్లకు 81,000. వారంటీ ఐదేళ్లని పెద్ద అక్షరాల్లో ఉండి, పక్కన 80,000 కిలోమీటర్లని ఉంటే మీకు అది మూడేళ్ల వారంటీయే, నాలుగేళ్ల వాయిదాల కంటే తక్కువ. బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే కొత్తది ఇస్తారో, దాన్ని ఎవరు కొలుస్తారో కూడా రాతపూర్వకంగా తీసుకోండి. పాత బ్యాటరీ ఆటోలకు మన దగ్గర ఇంకా స్థిరమైన సెకండ్ హ్యాండ్ బజారు ఏర్పడలేదు కాబట్టి, నాలుగేళ్ల తర్వాత అమ్మితే మంచి ధర వస్తుందన్న ఆశను లెక్కలో చేర్చవద్దు.

సీఎన్‌జీ గురించి మీ స్టాండు మిత్రులు చెప్పినదానిలో తప్పు లేదు. డీజిల్ కంటే ఖర్చు తక్కువ, నింపుకోవడానికి నిమిషాలు చాలు, బండి ధర బ్యాటరీ బండి కంటే సాధారణంగా తక్కువ, మెకానిక్‌కు తెలిసిన ఇంజినే. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి డీజిల్, సీఎన్‌జీ మూడు చక్రాల బండ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. బ్యాటరీ బండి మీద 5 శాతమే అయినా ధరల మధ్య తేడా మునుపటికంటే మారింది. అయితే ప్రశ్నంతా బంకు దగ్గర ఉంది. శ్రీకాకుళం–అంగుల్ గ్యాస్ గొట్టపు మార్గం పేరులో మన ఊరు ఉన్నంత మాత్రాన మీ దారిలో గ్యాసు దొరుకుతుందని కాదు. మీ రోజు దారి మీదే బంకు ఉండి, ఆగస్టులోనూ అక్టోబరులోనూ కూడా స్టాకు నిలకడగా ఉంటోందని అక్కడ గ్యాసు పోయించుకునే డ్రైవర్లు చెబితేనే ఆలోచించండి. గ్యాసు కోసం రోజూ పది కిలోమీటర్లు పక్కకు పోయి వరుసలో నిలబడితే మిగులు అక్కడే కరిగిపోతుంది. సీఎన్‌జీ సిలిండరుకు మూడేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష చేయించాలన్న సంగతి కూడా ఖర్చులో కలుపుకోండి. ఇథనాల్ కలిపిన పెట్రోలు, హైడ్రోజన్ వంటివి ఆటో కొనుగోలులో మీరు ఆలోచించాల్సినవి కావు. అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన హైడ్రోజన్ కేంద్రం పెద్ద పరిశ్రమల వ్యవహారం.

మీ బావమరిది మాటను మాత్రం సున్నితంగా తోసిపుచ్చండి. పాత బండికి విద్యుత్ కిట్ బిగించడం చట్టంలో ఉన్నదే, కానీ ఆ కిట్‌కు ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థ ఆమోదం ఉండాలి, ఆ ఆమోదం మీ బండి మోడల్‌కు వర్తించాలి, బిగించాక రవాణా శాఖ తనిఖీ చేసి ఆర్‌సీలో ఇంధనం మార్చాలి. ఇవేవీ లేకుండా బిగించిన బండికి అనుమతి లేని మార్పులను నిషేధించే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుపడుతుంది, ఫిట్‌నెస్ రాదు, ప్రమాదం జరిగితే బీమా సంస్థ చేతులెత్తేస్తుంది. ప్రయాణికులను ఎక్కించుకునే బండి విషయంలో ఆ సాహసం చేయదగినది కాదు. పన్నెండేళ్ల ఛాసిస్ మీద, బ్రేకుల మీద కొత్త బ్యాటరీ బరువు పెట్టడం కూడా మంచిది కాదు. లెడ్ యాసిడ్ బ్యాటరీలతో వచ్చే చవక ఈ-రిక్షాల గురించి ఎవరైనా చెబితే, నిబంధనల ప్రకారం వాటి గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లని గుర్తుంచుకోండి. అవి అరసవల్లి గుడి చుట్టూ తిరగడానికి బాగుంటాయి గాని, లారీలు వెళ్లే రోడ్డు మీద స్టేషన్ నుంచి పట్టణానికి కాదు.

ప్రభుత్వ సాయం గురించి ఒక హెచ్చరిక. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో రెండు, మూడు చక్రాల బండ్లకు రాయితీ గడువు 2026 మార్చి 31 వరకే పెట్టారు. కాబట్టి రాయితీ వస్తుందని నోటిమాటగా చెప్పి ధర తగ్గించి చూపితే, రాయితీ లేని ధర ఎంతో అడిగి దాని మీదే నిర్ణయం తీసుకోండి. బ్యాటరీ రవాణా వాహనాలకు పర్మిట్ అక్కర్లేదన్న 2018 నాటి కేంద్ర ప్రకటన, రిజిస్ట్రేషన్ రుసుము నుంచి 2021లో ఇచ్చిన మినహాయింపు, థర్డ్ పార్టీ బీమా ప్రీమియంలో 2022లో ప్రకటించిన 15 శాతం తగ్గింపు ఉన్నాయి. షోరూమ్ వాళ్లు వేసే బిల్లులో ఇవి తగ్గాయో లేదో ఒక్కో వరుసా చూడండి. అన్నీ కలిపి ఆన్‌రోడ్ ధర అని ఒకే అంకె చెబితే విడదీసి రాసివ్వమనండి.

మొత్తం మీద, నోటుపుస్తకం లెక్క నెలకు నాలుగు వేల మిగులు చూపి, ఇంటి దగ్గర లైను సిద్ధమై, సర్వీసు కేంద్రం నమ్మకంగా కనిపిస్తే ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ ఆటో తీసుకోండి. మిగులు రాకపోతే పాత బండినే ఇంకో ఏడాది నడపండి. ఏడాదికోసారి పదివేల మరమ్మతు ప్రతి నెలా కట్టే ఎనిమిది వేల వాయిదా కంటే చవకే. బండి తీసుకున్నాక పాతదాన్ని వెంటనే అమ్మేయకుండా, కొత్తదాని మొదటి రెండు సర్వీసులు అయ్యే దాకా, ఫిట్‌నెస్ ఉన్నన్నాళ్లు ఉంచుకోగలిగితే మంచిది.

డ్వాక్రా అప్పును బండి మొత్తం ధరకు వాడకండి. బండి తాకట్టు మీద బ్యాంకు ఇచ్చే అప్పు మీ ఒక్కరి బాధ్యత. సంఘం అప్పు వాయిదా తప్పితే మీ ఆవిడతో పాటు సంఘంలోని తక్కిన మహిళల పరపతి కూడా దెబ్బతింటుంది, బండి షెడ్డులో పడిన నెలలో ఆమె వారి ముందు తల దించుకోవాల్సి వస్తుంది. ముందు మీ బ్యాంకులో ముద్ర రుణానికి అడగండి. చేతి నుంచి కట్టాల్సిన మొదటి మొత్తంలో కొరత పడితే, ఆ కొరత వరకే సంఘం నుంచి తీసుకుని, బండి ఆర్‌సీ ఎవరి పేరున ఉండాలో ఆ అప్పు తీసుకునే ముందే మీ ఇద్దరూ మాట్లాడుకోండి.